చర్చిలో మసక వెలుతురు, ఫ్లాష్ వద్దన్నారు: ఫోటోలు షేక్ కాకుండా తీయడం ఎలా?

ప్రశ్న: అన్నా, వందనాలు. మాది దేవరకొండ దగ్గర ఊరు. జనవరిలో మా అక్క పెళ్లి, మా ఊరి చర్చిలోనే. మిషన్ కాలంలో కట్టిన రాతి గోడల చర్చి, పగలు కూడా లోపల మసకగానే ఉంటుంది. నా దగ్గర కెనాన్ 1500డి, దానితో వచ్చిన 18-55 లెన్స్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఉన్నాయి. పాస్టరు గారు ఫ్లాష్ కొట్టొద్దన్నారు. ట్రైపాడ్ పెడదామంటే బెంచీల మధ్య దారి ఇరుకు. పోయిన ఆదివారం ఆరాధనలో 18-55తో ట్రయల్ వేశాను. గ్రెయిన్స్ వస్తాయని ఐఎస్ఓ 800 దాటనివ్వలేదు. కెమెరా స్క్రీన్ మీద బాగానే కనిపించాయి, ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ఒక్కటీ షార్ప్‌గా లేదు. వేరే కెమెరా కొనాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: తమ్ముడూ, వందనాలు. వేరే కెమెరా కొనకు. పెళ్లి ఖర్చుల మధ్య ఇంట్లో వాళ్ల మీద ఆ భారం వెయ్యాల్సిన పని లేదు. నీ దగ్గరున్న 50 ఎంఎం లెన్స్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. నీ ఫోటోలు పాడైంది చర్చిలో చీకటి వల్ల కాదు, ఐఎస్ఓను 800 దగ్గర ఆపేయడం వల్ల. ఐఎస్ఓ అంటే అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే నంబరు. అది పెరిగే కొద్దీ గ్రెయిన్, అంటే ఫోటోలో కనిపించే సన్నటి చుక్కలు పెరుగుతాయి. కొంచెం గ్రెయిన్ ఉన్నా ముఖం స్పష్టంగా ఉంటే ఆ ఫోటోను మీ అమ్మగారు ఆల్బమ్‌లో పెట్టుకుంటారు. ముఖమే చెదిరిపోతే దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిగా బాగు చెయ్యలేదు. అందుకే ముందు షట్టర్ స్పీడ్, అంటే వెలుతురు కోసం షట్టర్ తెరిచి ఉండే సమయం, ఎంత కావాలో తేల్చుకో, దానికి తగ్గట్టు ఐఎస్ఓ ఎంతకు పోతే అంతకు పోనివ్వు.

పోయిన ఆదివారం ఫోటోలను డిలీట్ చెయ్యకు. నీకు అవే పాఠం. ఒక్కొక్కటి తెరిచి వంద శాతానికి జూమ్ చేసి చూడు. పుల్పిట్ (పాస్టరు గారు ప్రసంగించే చోటు) వెనుక గోడ మీద వాక్యం రాసి ఉంటుంది కదా, ఆ అక్షరాల దగ్గర మొదలుపెట్టు. అక్షరాలన్నీ ఒకే వైపుకు సాగినట్టు ఉండి, కొవ్వొత్తి వెలుగు, బల్బు మెరుపు లాంటి చుక్కలు కూడా అదే దిక్కుకు చిన్న గీతల్లా మారి ఉంటే అది నీ చేయి కదలడం. గోడ మీద అక్షరాలు శుభ్రంగా ఉండి, పాట పాడేవాళ్ల చేతులు, తలలు మాత్రమే చెదిరితే వాళ్లు కదిలారని అర్థం. మనుషులు, గోడ రెండూ మెత్తగా ఉండి, ముందు బెంచీ అంచో పూల కుండీనో షార్ప్‌గా ఉంటే ఫోకస్ తప్పిందన్నమాట. ఈ మూడింటికీ మందు వేరు. చేయి వణికితే పట్టు మార్చాలి, మనుషులు కదిలితే షట్టర్ స్పీడ్ పెంచాలి, ఫోకస్ తప్పితే ఎంత స్పీడ్ పెట్టినా లాభం లేదు. చాలామంది ఈ తేడా చూడకుండానే అన్నిటికీ కెమెరాను తిడతారు. నీ ఫోటోల్లో మొదటి రెండూ కలిసి ఉంటాయని నా అంచనా. ఎందుకో లెక్క చెప్తాను.

మసకగా ఉండే పాత చర్చిలో పగటిపూట ఐఎస్ఓ 100, ఎఫ్/5.6 పెడితే సరైన ఎక్స్‌పోజర్‌కు, అంటే ఫోటోకు సరిపడా వెలుగు అందడానికి, దాదాపు ఒక సెకను పట్టడం మామూలే. ఎఫ్ నంబరు అపర్చర్‌ను, అంటే లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకుందో చెబుతుంది, నంబరు తగ్గే కొద్దీ ఎక్కువ తెరుచుకున్నట్టు. 18-55 లెన్స్‌ను 55 దాకా జూమ్ చేస్తే అది ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. నువ్వు ఐఎస్ఓ 800 దగ్గర ఆపావు కాబట్టి షట్టర్ సెకనులో ఎనిమిదో వంతు తెరిచే ఉంటుంది. ఆ కాసేపట్లో పాడే మనిషి తల ఊపుతాడు, నీ వేలు బటన్ నొక్కుతూ కెమెరాను కిందికి లాగుతుంది. ఇప్పుడు అదే చోట 50 ఎంఎం లెన్స్ పెట్టు. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 దగ్గర దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. పూర్తిగా తెరవకుండా ఎఫ్/2.2 దగ్గర ఆపి, ఐఎస్ఓ 1600 పెడితే షట్టర్ 1/100, అంటే సెకనులో వందో వంతు వస్తుంది. లోపల ఇంకా చీకటిగా ఉంటే 3200 పెట్టు. మరీ తప్పకపోతే 6400 కూడా పెట్టు, నీ కెమెరా అంతవరకు పోతుంది. తక్కువ ఐఎస్ఓలో నల్లగా తీసుకొచ్చి కంప్యూటర్లో వెలుగు పెంచుదామని మాత్రం అనుకోకు. అలా చేస్తే నీడల్లో గ్రెయిన్ ఇంకా గరుగ్గా పైకి తేలుతుంది.

1/100 అని ఊరికే చెప్పలేదు. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు లెన్స్ ఎంత ఎంఎం అయితే షట్టర్ కనీసం అన్నో వంతు ఉండాలని ఫోటోగ్రాఫర్లకు ఒక పాత లెక్క ఉంది. నీ కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్ చిన్నది, కాబట్టి 50ని 1.6తో హెచ్చించి 80 అనుకోవాలి. అంటే 1/80 కన్నా కిందికి దిగొద్దు. నీ 50 ఎంఎం లెన్స్‌లో చేతి వణుకును తగ్గించే స్టెబిలైజర్ కూడా లేదు. రెండో కారణం ట్యూబ్‌లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాత చోకు ట్యూబ్‌లైట్లు, నాసిరకం ఎల్ఈడీలు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు గానీ కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ 1/100 పెడితే ప్రతి ఫోటోలోనూ ఒక పూర్తి మిణుకు పడుతుంది, రంగూ వెలుగూ ఒకేలా వస్తాయి. 1/250కి పోతే ఒక ఫోటో బాగుంటుంది, తర్వాతది పసుపెక్కుతుంది, ఇంకోదాంట్లో అడ్డంగా నల్లటి పట్టీ కనిపించొచ్చు. అయినా పెళ్లికూతురు నాన్న చెయ్యి పట్టుకుని నడిచి వచ్చేటప్పుడు, చప్పట్లు కొడుతూ పాడేటప్పుడు 1/200, 1/250 తప్పదు. అప్పుడు ఐఎస్ఓ 3200 పెట్టి, నాలుగు ఎక్కువ కొట్టి, వాటిలో మంచిది ఏరుకో. ప్రమాణాలు, ఉంగరాలు, పుస్తె, ప్రార్థన సమయంలో మనుషులు దాదాపు కదలరు, అక్కడ 1/100 చాలు.

డయల్‌ను ఆకుపచ్చ ఆటో మీద పెట్టకు. వెలుతురు తక్కువగా ఉందనిపిస్తే ఆ మోడ్‌లో ఫ్లాష్ దానంతటదే లేస్తుంది, పాస్టరు గారి ముందు నీ మాట పోతుంది. ఎం మోడ్‌లో పెట్టి అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ మూడూ నువ్వే పెట్టుకో. ఇది కష్టమని చాలామంది భయపడతారు గానీ చర్చి లోపల ఇదే తేలిక. అక్కడ వెలుతురు నిమిష నిమిషానికి మారదు. ఆటోలో పెడితే కెమెరా అక్క కట్టుకున్న తెల్ల చీర చూసి మరీ ఎక్కువ వెలుగుందని ఫోటో నల్లబరుస్తుంది, పక్కనే బావగారి నల్ల సూటు చూసి తెల్లబరుస్తుంది. పెళ్లి మొదలవకముందే వేదిక దగ్గర ఒక తమ్ముడినో చెల్లినో నిలబెట్టి, ముఖం మీద వెలుగు సరిపోయేదాకా మూడు నాలుగు ఫోటోలు తీసి చూసుకో. ఆ నంబర్లను అక్కడ జరిగే తంతు అంతటికీ వాడొచ్చు. గుమ్మం దగ్గర వెలుతురు వేరు కాబట్టి అక్కడికి వేరే నంబర్లు చూసి పెట్టుకో.

ఇక పట్టు సంగతి. ఎడమ అరచేతిని లెన్స్ కిందికి తెచ్చి, కెమెరా బరువంతా ఆ అరచేతిలో ఆనించు. చాలామంది ఎడమ చేత్తో కెమెరాను పక్క నుంచి పట్టుకుంటారు, అప్పుడు బరువంతా కుడి మణికట్టు మీద పడి వణుకు మొదలవుతుంది. రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆనాలి. స్క్రీన్ చూస్తూ చేతులు చాపి తీయకు, వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి కెమెరాను కనుబొమకు గట్టిగా అదుము. కాళ్లు కొంచెం ఎడంగా పెట్టు. ఊపిరి సగం వదిలి ఆపు, బటన్‌ను సగం నొక్కి ఫోకస్ తీసుకో, మిగతా సగం వేలు మెల్లగా దించుతూ నొక్కు. టక్కున పొడిస్తే ఆ కుదుపుకే ఫోటో పోతుంది. డ్రైవ్‌ను కంటిన్యువస్‌లో పెట్టి మూడు నాలుగు వరుసగా తీస్తే, వేలు నొక్కిన కుదుపు మొదటిదాంట్లో పోతుంది, నడిమి ఫోటో ఎక్కువసార్లు షార్ప్‌గా ఉంటుంది. షట్టర్ చప్పుడు ప్రార్థన మధ్యలో వినబడుతుంది కాబట్టి ఇది పాటలప్పుడు, ఉంగరాలప్పుడు చెయ్యి. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ఒకటి తీసి ఆగిపో. ఫోకస్ దొరికినప్పుడు వచ్చే బీప్ శబ్దాన్ని ముందే మెనూలో ఆపేయ్.

ఒంటరిగా నిలబడకు. రాతి చర్చిలో స్తంభాలు, గోడలు, కిటికీ అరుగులు ఉంటాయి. భుజం స్తంభానికి ఆనిస్తే చాలు, వణుకు చాలావరకు పోతుంది. మోకాలి మీద కూర్చుని, లేచిన మోకాలి మీద మోచేయి పెట్టుకుంటే కూర్చున్నవాళ్ల ముఖాల ఎత్తుకు వస్తావు, వెనుక బెంచీల వాళ్లకు అడ్డమూ పోతుంది. ట్రైపాడ్ లేకపోయినా ఒక తాడు ఉంటే పని జరుగుతుంది. కెమెరా అడుగున ట్రైపాడ్ బిగించే రంధ్రం ఉంది కదా, అందులో పట్టే స్క్రూకు గట్టి నూలు తాడు కట్టి, రెండో కొస కాలి కింద తొక్కిపెట్టి, కెమెరాను కంటి దాకా లాగి తాడు బిగుసుకునేలా పట్టుకో. పైకీ కిందికీ ఊగడం చాలా తగ్గుతుంది, జేబులో పట్టే వస్తువు, ఎవరికీ అడ్డం రాదు. ఒక్క జాగ్రత్త. ఆ రంధ్రం మర పావు అంగుళం సైజుది. హార్డ్‌వేర్ షాపులో దొరికే 6 ఎంఎం బోల్టు చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ మర వేరు, బలవంతంగా తిప్పితే కెమెరా మర పోతుంది. పాత ట్రైపాడ్ ప్లేటు స్క్రూ దొరికితే అదే వాడు.

ఎఫ్/2.2 దగ్గర ఇంకో సంగతి గమనించాలి. రెండు మీటర్ల దూరంలో నిలబడి తీస్తే షార్ప్‌గా ఉండే లోతు 13 సెంటీమీటర్ల పైచిలుకే. అక్క ముఖం బాగా వచ్చి, అరడుగు వెనుక ఉన్న బావగారి ముఖం మెత్తబడుతుంది. ఇంకో మీటరు వెనక్కి, అంటే మూడు మీటర్లకు జరిగితే ఆ లోతు ఒక అడుగు దాకా పెరుగుతుంది. ఇద్దరూ నీకు సమాన దూరంలో ఉండేలా నిలబడితే ఇద్దరూ వస్తారు. పాస్టరు గారు, పెళ్లికొడుకు, పెళ్లికూతురు, తోడి పెళ్లికూతురు అందరూ ఒకే ఫోటోలో కావాలంటే ఇంకా వెనక్కి పో. ఫోకస్‌కు తొమ్మిది పాయింట్లనూ నమ్ముకోకు, మధ్యలో ఉన్న ఒక్క పాయింటునే ఎంచుకో. నీ కెమెరాలో చీకట్లో గట్టిగా పట్టేది అదే. దాన్ని ఉత్త తెల్లటి చీర మీద పెడితే లెన్స్ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. ముసుగు అంచు జుట్టును తాకే చోట, బావగారి కాలరు చొక్కాను తాకే చోట, లేదా కంటి రెప్ప మీద పెట్టు. తెలుపు, నలుపు కలిసే గీత దొరికితే వెంటనే పట్టుకుంటుంది.

ఇప్పటిదాకా కెమెరా గురించే చెప్పాను గానీ, వీటన్నిటి కన్నా పెద్ద లాభం చర్చి కిటికీలు తెరిపించడంలో ఉంది. దుమ్ము వస్తుందనో ఎండ కొడుతుందనో పాత చర్చిల్లో చెక్క తలుపుల కిటికీలు సగం ఎప్పుడూ మూసే ఉంటాయి. సంఘ పెద్దలతో ముందురోజే మాట్లాడి, వేదికకు దగ్గరున్న నాలుగు కిటికీలు తెరవమని బతిమాలుకో. జనవరిలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి దక్షిణం గోడ కిటికీల నుంచి ఎక్కువ వెలుతురు వస్తుంది. వెలుతురు రెట్టింపైతే ఐఎస్ఓ 3200 కావాల్సిన చోట 1600 సరిపోతుంది, నాలుగు రెట్లైతే 800. నువ్వు కోరుకున్న 800 అలా వస్తే అది అసలైన గెలుపు. పెళ్లి జరిగే గంటకే, అంటే ఉదయం పది పదకొండు మధ్య వెళ్లి ఒకసారి చూసుకో. ఎండ చుక్కలు నేరుగా వేదిక మీద పడుతుంటే ఆ ఒక్క కిటికీకి పల్చటి తెల్ల గుడ్డ కట్టాలి, లేకపోతే సగం ముఖం తెల్లగా కాలిపోతుంది. కిటికీ వైపు నువ్వుండి, వెలుగు వాళ్ల ముఖాల మీద పడేలా నిలబడు. కిటికీ వాళ్ల వెనుక ఉంటే నల్లటి బొమ్మలే వస్తాయి. పుల్పిట్ వెనుక వెలిగే ఎల్ఈడీ సిలువ ఉంటే అదీ అంతే, దాన్ని వెలుగు కొలిచే కెమెరా మీటర్ నుంచి తప్పించడానికే ఎం మోడ్ అన్నాను.

రంగుల సంగతి ఒక్క మాటలో చెప్తా. కిటికీ వెలుగు ఒక రంగు, ట్యూబ్‌లైట్ ఒక రంగు, పసుపు బల్బులు ఇంకో రంగు. కెమెరా వీటన్నిటినీ ఒకేసారి సరి చెయ్యలేదు. రా (RAW) ఫార్మాట్‌లో, అంటే కెమెరా రంగులు ఖాయం చెయ్యని ఫైల్‌గా తీసుకుంటే తర్వాత మార్చుకోవచ్చు. క్రిస్మస్ అయ్యాక నక్షత్రాలు, సీరియల్ లైట్లు ఇంకా వేలాడుతుంటే పెళ్లి గంట సేపు అవి ఆర్పమని అడుగు. ముఖం మీద ఎరుపు, ఆకుపచ్చ పడితే తర్వాత ఎవరూ సరిచెయ్యలేరు.

పాత 18-55ను ఇంటి దగ్గర వదిలేయకు. దాని మీద ఐఎస్ అని రాసి ఉంటే అందులో స్టెబిలైజర్ ఉంది, పక్కనున్న స్విచ్ ఆన్ చేసి పెట్టు. 18 దగ్గర చర్చి మొత్తం, నిండిన బెంచీలు, పైకప్పు వచ్చే ఫోటో ఒకటైనా ఆల్బమ్‌లో ఉండాలి. ఎఫ్/3.5, 1/30, ఐఎస్ఓ 1600 దగ్గర స్తంభానికి ఆని, అందరూ ప్రార్థనలో తల వంచి నిలబడ్డప్పుడు తీయి. స్టెబిలైజర్ నీ చేతి వణుకునే ఆపుతుంది, మనుషుల కదలికను ఆపదు, అందుకే ఆ సమయం ఎంచుకోవాలి. జనం రాకముందు ఖాళీ చర్చి తీయాలంటే బెంచీ వీపు మీద బియ్యం నింపిన చిన్న గుడ్డ సంచి పెట్టి, దాని మీద కెమెరా కూర్చోబెట్టి, 2 సెకన్ల టైమర్‌తో తీయి. అప్పుడు ఐఎస్ఓ 100, ఎఫ్/8 పెట్టుకుని షట్టర్ రెండు సెకన్లు తీసుకున్నా బెంగ లేదు. ఫోన్ నైట్ మోడ్ కూడా ఇలాంటి ఖాళీ గదికే బాగుంటుంది. అది కొన్ని సెకన్ల పాటు చాలా ఫోటోలు కలుపుతుంది కాబట్టి మనుషులుంటే ముఖాలు పాకినట్టు వస్తాయి.

పెళ్లికి ఇంకా వారాలున్నాయి, వచ్చే ఆదివారాలన్నీ నీకు ట్రయల్సే. పాస్టరు గారికి చెప్పి, ఒక ఆదివారం 50 ఎంఎం ఒక్కటే పట్టుకెళ్లు. నల్లగొండ రావడం పడితే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి కూడా ఒకసారి వెళ్లు. గర్భగుడిలో పగలంతా నీడ నిలబడే ఆ గుడి మండపంలో, ద్వారాల నుంచి వచ్చే వెలుతురు రాతి స్తంభాల మీద ఎలా పాకుతుందో, ఒక్క అడుగు జరిగితే ముఖం మీద వెలుగు ఎంత మారుతుందో చూసుకోవచ్చు. అక్కడి వాళ్లను అడిగి, పూజ జరుగుతుంటే కెమెరా దించి నిలబడు. మెదక్ పోయే పని పడితే 1924 క్రిస్మస్ నాడు తెరిచిన ఆ పెద్ద చర్చి రంగు అద్దాలు చూడు. యేసు జననం, సిలువ, ఆరోహణం చూపించే ఆ మూడు కిటికీలు లోపలి నుంచి పగటి వెలుగులోనే వెలుగుతాయి. అద్దానికి సరిపోయే ఎక్స్‌పోజర్ పెడితే కింద మనుషులు నల్లబడతారు, మనుషులకు పెడితే అద్దం తెల్లబోతుంది. రెండిట్లో నీకు కావలసింది ఏదో ముందే తేల్చుకోవడం అక్కడ బాగా అలవాటవుతుంది.

పాస్టరు గారితో ఇంకోసారి కూర్చుని, ఏది తర్వాత ఏది వస్తుందో, ఏ సమయంలో నువ్వు వేదిక మెట్టు దాకా రావచ్చో, ఎక్కడ ఆగాలో రాయించుకో. ప్రమాణాలప్పుడు ఏ వైపు తిరిగి నిలబెడతారో అడుగు, ఎందుకంటే నువ్వు ముందే సరైన స్తంభం దగ్గర ఆని ఉండాలి. రిజిస్టరులో సంతకాలు పెట్టే బల్లను కిటికీ దగ్గర వేయించగలిగితే మాత్రం వదులుకోకు. తలలు వంచి, చేతులు బల్ల మీద ఆనించి కదలకుండా ఉంటారు కాబట్టి ఆ రోజంతటిలో తేలికగా షార్ప్‌గా వచ్చే ఫోటోలు అవే.

పెళ్లి అయ్యాక గ్రెయిన్ చూసి కంగారుపడి సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ (గ్రెయిన్) తగ్గించే స్లైడర్‌ను చివరిదాకా లాగకు. చర్మం మైనం బొమ్మలా తయారవుతుంది. ముందు ఒక ఐఎస్ఓ 3200 ఫోటోను ఏమీ చెయ్యకుండా ల్యాబ్‌కు ఇచ్చి ఆల్బమ్ సైజులో ఒక్క ప్రింట్ వేయించి, కాగితం మీద చేయి చాపినంత దూరంలో పట్టుకుని చూడు. నీ ఫోటో 24 మెగాపిక్సెళ్లది, ఆల్బమ్ పేజీ సైజుకు కుదించేసరికి స్క్రీన్ మీద భయపెట్టిన గ్రెయిన్‌లో చాలా భాగం కనబడదు. ఆ ప్రింట్ చూశాకే ఎంత తగ్గించాలో తేల్చుకో.